కాల్లో రక్తం గడ్డ ఉందేమో డాప్లర్‌లో ఎలా చూడాలి? (ముందు నొక్కండి, కలర్ తర్వాత)

ఒక కాలే ఉబ్బింది, పిక్క నొప్పి అంటూ వచ్చేవాళ్ళకి రాసే టెస్ట్ ఈ డాప్లర్, అంటే రక్తం పారడాన్ని కూడా చూపించే అల్ట్రాసౌండ్ స్కాన్. ఆపరేషన్ అయ్యి మంచం మీదున్నవాళ్ళు, బాలింతలు, క్యాన్సర్ పేషెంట్లు ఎక్కువ వస్తుంటారు. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి హడావిడిగా చేసి పంపేసేది కాదు. రాసేది కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, చేయించుకునేవాళ్ళకి తెలిసినా మంచిదే.

లీనియర్ ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం, ముఖం చదునుగా ఉండేది), జెల్ దండిగా. తొడ మరీ లావైతే వంపు ముఖం ఉన్న కర్వ్డ్ ప్రోబ్. తలవైపు మంచం కొంచెం ఎత్తండి, కాలి వీన్‌లో (సిర, గుండెకి రక్తాన్ని తిరిగి తీసుకెళ్ళే నాళం) రక్తం నిండి బాగా కనపడుతుంది. కాలు బయటికి తిప్పి మోకాలు కొద్దిగా మడిస్తే చాలు.

గజ్జల దగ్గర ప్రోబ్ అడ్డంగా పెట్టండి. కొట్టుకునేది ఆర్టరీ (ధమని), దానికి లోపలివైపు ఉండేది వీన్.

ఇక అసలు పని నొక్కడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ప్రోబ్‌తో నిటారుగా నొక్కితే మంచి వీన్ కన్ను గీటినట్టు పూర్తిగా మూసుకుపోవాలి, రెండు గోడలూ అంటుకోవాలి. "కొంచెం మూసుకుంది" అంటే కుదరదు. మరి ఎంత నొక్కాలి అంటే పక్కనున్న ఆర్టరీని చూడండి, అది అణగడం మొదలైందంటే మీ బలం సరిపోయినట్టే, అప్పటికీ వీన్ మూసుకోకపోతే గడ్డ ఉన్నట్టు. ఆర్టరీ అణగకుండానే "మూసుకోవట్లేదు సార్" అని అరిచేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది.

ప్రోబ్‌ని వీన్ పొడవు వెంట పెట్టి నొక్కొద్దు, వీన్ మీద నుంచి పక్కకి జారిపోతే మూసుకుందని మోసపోతారు. తెర మీద వీన్ లోపల నల్లగా ఉంది కాబట్టి గడ్డ లేదనుకోవద్దు, తాజా గడ్డ కూడా నల్లగానే కనపడుతుంది. గజ్జల నుంచి కిందికి ప్రతి ఒకటి రెండు సెంటీమీటర్లకి నొక్కి వదలాలి, మధ్యలో అంగుళాలు దాటేయకూడదు. తొడ కింది భాగంలో వీన్ లోతుకి పోతుంది, అక్కడ రెండో చెయ్యి తొడ వెనక పెట్టి ప్రోబ్ వైపు ఒత్తితేనే మూసుకుంటుంది. మోకాలి వెనక వేరే సమస్య, వీన్ పైనే ఉంటుంది కాబట్టి ప్రోబ్ ఊరికే ఆనినా మూసుకుపోయి అసలు కనపడదు, చెయ్యి తేలిక చెయ్యండి. ఇంకోటి, గడ్డ కనపడ్డాక అదే చోట మళ్ళీ మళ్ళీ నొక్కొద్దు, ఊడే ప్రమాదం ఉంది.

కొందరు మెషిన్ ఆన్ చేయగానే కలర్ (పారే రక్తాన్ని రంగులో చూపించేది) వేస్తారు, అందంగా ఉంటుంది మరి. గెయిన్ (రంగు ఎంత గట్టిగా కనపడాలో పెట్టే సెట్టింగ్) కాస్త ఎక్కువైతే ఆ రంగు చిన్న గడ్డని కప్పేస్తుంది. నా దగ్గర నొక్కడం అయ్యేదాకా కలర్ బటన్ ముట్టుకోకూడదు, అంతే. కలర్ అక్కర్లేదని కాదు, పొట్టలోని వీన్లని నొక్కలేం, అక్కడ అదే దిక్కు.

పిక్క వీన్లు చూడకపోతే చూడలేదనే రిపోర్ట్‌లో రాయండి, "నార్మల్" అని కొట్టేయకండి. వాపు తగ్గకపోతే వారంలోపు మళ్ళీ స్కాన్‌కి రమ్మని కూడా రాయాలి, ఎందుకంటే పిక్కలో మొదలైన గడ్డ ఈలోపు పైకి పాకొచ్చు.