వన్‌టౌన్ నైట్ షూటింగ్‌లో లైటు చారలు ఇలా పోయాయి

మా చిన్న క్రైమ్ సినిమాకి వైజాగ్ వన్‌టౌన్ సందుల్లో రాత్రి సీన్లు తీస్తుంటే ఫుటేజ్ నిండా వెలుగు చారలు పాకుతున్నాయి, కెమెరా పోయిందేమోనని ఒకటే టెన్షన్. సంగతి కరెంటుది. మన సప్లై 50 హెర్ట్జ్, అంటే దీపం వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, మేం పెట్టిన 1/60 షట్టర్‌కి (అంటే ఒక్కో ఫ్రేము సెకనులో 60వ వంతు సేపు వెలుగు తీసుకోవడం) దానితో పొంతన కుదరదు. సెకనుకి 24 ఫ్రేములే ఉంచి షట్టర్ 1/50 చేశాం, చారలు మాయం (ఒక షాపు ముందున్న చవక ఎల్‌ఈడీ మాత్రం మాట వినలేదు, షాపాయన్ని బతిమాలి ఆర్పించాం).

ఇక నలుపు. డిటెక్టివ్ ముఖానికి ఒకవైపే లైటు పెట్టినా, రెండోవైపున్న సున్నం గోడ వెలుగుని తిప్పికొట్టి నీడని చంపేస్తోంది. గోడకి నల్ల దుప్పటి కట్టి, రోడ్డు మీద నీళ్లు చల్లాం, తడి తారు మీద లైటు భలే మెరిసింది. అన్నట్టు, ఈ సముద్రపు గాలిలో ఏసీ కారులోంచి తీసిన లెన్సుకి ఆవిరి పట్టేస్తుంది, కాస్త ముందే బయటపెట్టుకోండి.