కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు: దేంతో ఏది తిన్నారో తర్వాత చూద్దాం

తిని మూడు గంటలైనా కడుపు బరువు దిగట్లేదు, తేన్పు వస్తే కూర వాసనే

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్లలో వెంటనే మొదలయ్యే విచారణ: చేప తిని పాలు తాగావా, పనస తిని పెరుగు వేసుకున్నావా? అదంతా తర్వాత, ముందు టైం చూడండి. తొమ్మిదికి పూరీలు, పదకొండుకి టీ, పకోడీ, ఒంటిగంటకి నిండా భోజనం. ముందు తిన్నది అరక్కుండానే దాని మీద ఇంకోటి వేయడాన్ని ఆయుర్వేదం అధ్యశనం అంటుంది, నేను చూసినంతలో ఎక్కువ మందికి దొంగ ఇక్కడే దొరుకుతాడు.

దీనికి చూర్ణం అక్కర్లేదు. ఒక పూట మానేసి, శొంఠి వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా కొంచెం కొంచెం తాగుతూ ఉండండి. తేన్పులో వాసన పోయి, ఒళ్లు తేలికై, నిజంగా ఆకలి వేసినప్పుడే అరిగినట్టు. అప్పుడు కూడా మెత్తటి అన్నం, పెసరకట్టు చాలు. కొలత ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పాడు: కడుపుని నాలుగు భాగాలు అనుకుంటే రెండు ఆహారానికి, ఒకటి నీళ్లకి, ఒకటి ఖాళీ. పెళ్లి భోజనాల్లో ఆ ఖాళీలోకే ఐస్‌క్రీమ్ వెళ్తుంది, దాని మీద గోలీ సోడా!

పొద్దున లేచేసరికి గొంతులో కఫం, మొహం బరువు, నోరు జిగట

రాత్రి పెరుగన్నం తింటున్నారా? చరకుడు రాత్రిపూట పెరుగు వద్దన్నాడు, వేడి చేసి తినొద్దన్నాడు, పగలైనా ఉత్త పెరుగు కాకుండా నెయ్యో, పంచదారో, పెసరకట్టో, తేనో, ఉసిరికో తోడుండాలన్నాడు. పెరుగు లేకపోతే భోజనం అయినట్టే ఉండదు అనే వాళ్లకి దారి మజ్జిగ. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగులో నీళ్లు పోసి స్పూనుతో తిప్పేస్తే అది మజ్జిగ కాదండీ, నీళ్ల పెరుగు. నీళ్లు పోసి కవ్వంతో చిలుకుతుంటే పైన నురగ లేచి, కాసేపటికి వెన్న పలుకులు కవ్వానికి అంటుకుంటాయి, ఆ వెన్న తీసేశాక మిగిలేదే మజ్జిగ. అందులో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఇంగువ, కాస్త సైంధవ లవణం వేసి మధ్యాహ్నం భోజనం చివర్లో తాగండి.

టైం సరిగ్గానే ఉంది, కొంచెమే తిన్నా, అయినా ఉబ్బరం

ఇప్పుడు కలయికలు చూడొచ్చు. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో పాలతో పడనివాటి జాబితా పెద్దదే: చేపలు, పులుపు ఏదైనా, ఉలవలు, మినుములు. పనస, కొబ్బరి కూడా ఉన్నాయి, పనస, కొబ్బరి తోటలుండే మన ఉద్దానం వాళ్లకి ఇది మింగుడు పడని మాట. చేప వేడి, పాలు చలవ అని అక్కడ చెప్పిన కారణం. ఆ రెండూ కలిస్తే బొల్లి వస్తుందన్న భయానికి మాత్రం ఆధునిక వైద్యంలో ఆధారం లేదు, బొల్లిలో రంగు కణాలు దెబ్బతినడానికి కారణాలు వేరు.

అదే అధ్యాయంలో మినహాయింపు కూడా ఉంది: వయసులో ఉన్నవాళ్లని, ఒళ్లు వంచి కష్టపడేవాళ్లని, అరుగుదల బలంగా ఉన్నవాళ్లని, అలవాటైనవాళ్లని ఇవి ఏమీ చేయవట. భావనపాడులో వల లాగి వచ్చిన మనిషి చేపల పులుసు తిని పాలటీ తాగితే ఏమీ కాదు, రోజంతా కుర్చీలో కూర్చునే మనం ఆయన్ని చూపించి వాదించకూడదు. చేపలు తిన్న పూట పాలటీ ఆపండి, పనస తొనల్ని పాయసం ఉన్న రోజు కాకుండా ఇంకోరోజు తినండి. ఒకసారి ఒకటే మార్చి వారం చూస్తేనే ఏది పడట్లేదో తెలుస్తుంది.

గుండెల్లో మంట, పుల్లనీళ్లు పైకి రావడం

ఇక్కడ చాలామంది తప్పుతారు. గ్యాస్ అనుకుని వాము, శొంఠి, మిరియాలు దట్టిస్తారు, మంట రెట్టింపవుతుంది. ఇది పైత్యం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కొత్తావకాయ, బాగా పులిసిన తరవాణి కొన్నాళ్లు పక్కన పెట్టి, రాత్రి నానబెట్టిన ధనియాల నీళ్లు వడకట్టి పొద్దున తాగండి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి.

ఇంట్లో ఆగకూడనివి

నల్లటి విరేచనం, మింగితే అడ్డుపడటం, బరువు తగ్గిపోవడం, ఛాతీ నొప్పితో చెమటలు పడితే ఆసుపత్రికే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు, అరుగుదలకి వాడే, ఉప్పు కలిసే లవణభాస్కర చూర్ణం లాంటివి గానీ, పొటాషియం ఎక్కువుండే కొబ్బరి నీళ్లు గానీ తమ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.