క్రూజ్ ధరలను పోల్చే ముందు వేసుకోవలసిన లెక్క

అమెరికాలోని గాల్వెస్టన్ నుంచో మయామీ నుంచో బయలుదేరే వారం రోజుల ఓడ ప్రయాణాలను ప్రకటనలోని టికెట్ ధర చూసి పోల్చుకుంటే, డబ్బు కట్టే వేళకు మొత్తం బాగా పెరిగి కనిపించవచ్చు. అందుకని రెండు కంపెనీల్లోనూ ఒకే వారం, ఒకే రకం గది ఎంచుకుని, కార్డు నంబరు అడిగే పేజీ దాకా వెళ్లి, పన్నులు, పోర్టు రుసుములు కలిసిన మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి. దానికి సిబ్బంది టిప్పు మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల చొప్పున, అవసరమైతే వైఫై ఖర్చు కూడా కలిపి, రాత్రుల సంఖ్యతో భాగించండి. మొన్న మా ఇద్దరికీ ఇలా లెక్క వేస్తే, చవకగా కనిపించిన ఓడే రాత్రికి 11 డాలర్లు ఎక్కువ తేలింది.

భోజనానికి విడిగా కలపనక్కర్లేదు. ప్రధాన భోజనశాల, బఫే టికెట్‌లోనే ఉంటాయి, ముందుగా చెబితే కార్నివాల్, రాయల్ కరీబియన్ కంపెనీల ఓడల్లో భారతీయ శాకాహారం కూడా వడ్డిస్తారు. మద్యం ప్యాకేజీని మాత్రం చాలా కంపెనీలు ఒకే గదిలోని పెద్దలందరూ కొనాలంటాయి కాబట్టి, ఒకరు తాగనివారైతే గ్లాసు లెక్కన కొనుక్కోవడమే నయం.

ఒంటరిగా వెళ్లేవారికి ప్రకటనలోని ధరతో ఈ లెక్క కుదరదు. అది గదిలో ఇద్దరుంటారన్న లెక్కన ఇచ్చిన ధర కనుక, ప్రయాణికుల సంఖ్యను 1గా మార్చి మళ్లీ చూడాలి.