పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సెలవులకు ఊరెళ్లే ముందు

2025 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. షుగర్ సెన్సర్ పెట్టుకున్న కొందరికి ఫోన్‌లో రావాల్సిన అలారం వినపడలేదు. ఫోన్ అప్‌డేటో, కొత్త బ్లూటూత్ హెడ్‌ఫోనో, స్లీప్ మోడో అడ్డుపడింది. దీనివల్ల ప్రాణాలు పోయి ఉండొచ్చని కూడా చెప్పింది. గుండెకు మిషన్ పెట్టించుకున్నవాళ్లు ఇది షుగర్ వాళ్ల గొడవలే అని వదిలేయకండి. మీ మిషన్ వివరాలూ మానిటర్ ద్వారానో, ఫోన్ యాప్ ద్వారానో క్లినిక్‌కి వెళ్లేవే.

మంచం పక్కన పెట్టే మానిటర్ సాధారణంగా రాత్రిపూట, మీరు నిద్రలో ఉండగా, ఒంట్లోని పేస్‌మేకర్ నుంచి వివరాలు తీసుకుని నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. వాటిని క్లినిక్ వాళ్లు పనివేళల్లో చూస్తారు. శనివారం రాత్రి వెళ్లిన రిపోర్టు సోమవారం కంటపడొచ్చు. మానిటర్ అంబులెన్స్ కాదు. నేను చూసినంతలో మనుషుల్ని ముంచింది ఈ ఒక్క పొరపాటే: ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే మిషన్) షాక్ కొడుతుంది, ‘సిగ్నల్ వెళ్లే ఉంటుంది, వాళ్లే ఫోన్ చేస్తార్లే’ అని ఇంటిల్లిపాదీ తెల్లారేదాకా కూర్చుంటారు.

సర్దుకునేటప్పుడు మానిటర్‌తో పాటు దాని అడాప్టర్, పేస్‌మేకర్ కార్డు పెట్టుకోండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తుంటే మానిటర్ అక్కడ పనిచేస్తుందో లేదో క్లినిక్‌లో ముందే అడగండి. ఊళ్లో కరెంటు పోయి మానిటర్ ఆగినా పేస్‌మేకర్ ఆగదు, టెన్షన్ వద్దు.

హ్యాకింగ్ సంగతీ అడుగుతుంటారు. 2017లో అమెరికాలో దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు ఆ భయంతోనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు. మీకూ అప్‌డేట్ ఉందని పిలిస్తే వెళ్లండి. నన్నడిగితే మాత్రం, హ్యాకర్ కన్నా ఫోన్ ఛార్జింగ్ కోసం మానిటర్ ప్లగ్ పీకేసే మనవడితోనే ఎక్కువ జాగ్రత్త.

ఇక ఇవి:

- మానిటర్ మంచానికి దగ్గర్లోనే ఉండాలి. హాల్లో టీవీ పక్కన కాదు.
- ఫోన్ యాప్ ద్వారా వెళ్లే రకమైతే బ్లూటూత్ ఆపొద్దు, యాప్ మూసేయొద్దు, బ్యాటరీ సేవర్ వద్దు.
- ఫోన్ చొక్కా జేబులో వద్దు. జేబు ఎడమవైపే, పేస్‌మేకర్ ఎక్కువగా పెట్టేదీ ఎడమవైపే. ఫోన్లలో అయస్కాంతాలుంటాయి, కనీసం 15 సెంటీమీటర్ల దూరం.
- మానిటర్ మీద పచ్చ లైటు వెలిగిందని చెకప్ మానొద్దు.
- కళ్లు తిరిగి పడిపోతే మానిటర్ వైపు చూడొద్దు. అది అంబులెన్స్ కాదు.
- ఒక్క షాక్ కొట్టి మనిషి మామూలుగా ఉంటే డాక్టర్‌కి మీరే ఫోన్ చేయండి. 24 గంటల్లో రెండోది కొట్టినా, ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఏదున్నా వెంటనే 108. క్లినిక్ నుంచి ఫోన్ వస్తుందని ఆగొద్దు.