చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను ఆఫ్‌రోడ్ కోసం పోల్చి చూడడం ఎలా

కంపెనీ నుంచి వచ్చినట్టే, పెద్దగా మార్పులేమీ చేయించకుండా నడిపే చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను పోల్చేటప్పుడు చాలామంది ముందుగా ఇంజన్ శక్తిని, ఆ తర్వాత గ్రౌండ్ క్లియరెన్స్‌ను, అంటే నేలకూ బండి అడుగు భాగానికీ మధ్య ఉండే ఎత్తును చూస్తారు. ఈ రెండూ తెలుసుకోవలసినవే కానీ, రాళ్లూ గుంటలూ ఉన్న దారిలో బండి ఎక్కడ ఆగిపోతుందో ఇవి చెప్పలేవు. అటువంటి దారిలో బండి ఆగడానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి: అడుగు భాగం నేలకు తగిలి ఇరుక్కుపోవడం, ఏదో ఒక చక్రం గాలిలోకి లేచి శక్తంతా అటు వృథా కావడం, కావలసినంత నెమ్మదిగా నడవలేక డ్రైవరు వేగం పెంచవలసి వచ్చి బండి అదుపు తప్పడం. పోలికను ఈ మూడింటి చుట్టూ తిప్పితే బ్రోషర్‌లోని అంకెల్లో ఏవి పనికొస్తాయో, ఏవి పనికిరావో తేలుతుంది. ఉదాహరణలకు సుజుకీ జిమ్నీని, లాడా నివాను, మహీంద్రా థార్‌ను, ఫియట్ పాండా ఫోర్ బై ఫోర్‌ను తీసుకుంటున్నాను. ఇవన్నీ చిన్న బండ్లే అయినా వీటిని రూపొందించినవారి ఆలోచనలు వేరువేరు కనుక తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి.

అడుగు భాగం, కోణాలు

గ్రౌండ్ క్లియరెన్స్ అనే ఒక్క అంకె ఎంత తక్కువ చెబుతుందో తెలియాలంటే జిమ్నీలోనే రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018లో వచ్చిన మూడు తలుపుల జిమ్నీకి, 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి గ్రౌండ్ క్లియరెన్స్ ఒకటే, 210 మిల్లీమీటర్లు. అయితే ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, మొదటిదానికి 2,250 మిల్లీమీటర్లు, రెండోదానికి 2,590 మిల్లీమీటర్లు. ఆ 340 మిల్లీమీటర్ల తేడా వల్ల గట్టు మీదుగా దాటేటప్పుడు పొట్ట తగలకుండా ఉండే బ్రేక్‌ఓవర్ కోణం 28 డిగ్రీల నుంచి 24 డిగ్రీలకు పడిపోయింది. బండిని తిప్పడానికి కావలసిన చోటు కూడా పెరిగింది. టర్నింగ్ రేడియస్ 4.9 మీటర్ల నుంచి 5.7 మీటర్లకు చేరింది. గతుకుల దారిలో పొడుగు బండి కాస్త కుదురుగా సాగుతుంది, ఏటవాలు ఎక్కేటప్పుడు ముందు భాగం తేలిపోయే భయం కూడా దానికి తక్కువ. కనుక పొట్టి బండే ఎప్పుడూ మేలని చెప్పడానికి లేదు. మీరు వెళ్లే దారుల్లో గట్లు ఎక్కువా, పొడవాటి నిట్టనిలువు ఎక్కుళ్లు ఎక్కువా అన్నది ముందు తేల్చుకోవాలి.

ముందు బంపర్ తగలకుండా ఎంత ఏటవాలు ఎక్కవచ్చో చెప్పే అప్రోచ్ కోణం, వెనుక బంపర్ తగలకుండా ఎంత ఏటవాలు దిగి రావచ్చో చెప్పే డిపార్చర్ కోణం ఈ చిన్న బండ్లలో సాధారణంగా బాగానే ఉంటాయి. 2020 నాటి థార్‌కు ముందు కోణం 41.8 డిగ్రీలు, వెనుక కోణం 36.8 డిగ్రీలు, మూడు తలుపుల జిమ్నీకి ముందు 37, వెనుక 49 డిగ్రీలు. ఈ అంకెలను చూస్తే థార్ గోడలాంటి రాయికి నేరుగా ఎదురెళ్లగలదని, జిమ్నీ మాత్రం గుంటలోంచి బయటికి వచ్చేటప్పుడు తోక ఈడ్చుకోకుండా వస్తుందని అర్థమవుతుంది. ఆ తర్వాత చూడవలసింది కంపెనీ కాగితం మీద ఉండదు. టార్చిలైటు, కొలిచే టేపు తీసుకుని బండి కింద పడుకోవాలి. అన్నిటికంటే కిందికి వేలాడుతున్నది ఏది, అది గట్టి ఇనుమా లేక పలుచని రేకా, దాని మీద రక్షణ పలక ఉందా అని వరుసగా చూసుకోవాలి. ఇరుసు గుండ్రటి ఉబ్బు రాయికి తగిలితే గీత పడి ఊరుకుంటుంది. ఇంధన ట్యాంకో, గేర్‌బాక్స్ ఆయిల్ పాత్రో తగిలితే అక్కడితో ప్రయాణం ముగిసినట్టే. ముందు ఇరుసు ఉబ్బు జిమ్నీలో మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. అది ఏ పక్కనో గుర్తుపెట్టుకున్న డ్రైవరు రాయిని రెండో పక్కగా పోనిస్తాడు.

సస్పెన్షన్ రకాన్ని బట్టి కూడా ఈ కొలతల అర్థం మారుతుంది. జిమ్నీకి ముందూ వెనుకా రెండు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపే సాలిడ్ ఇరుసులే కాబట్టి స్ప్రింగులు ఎంత అణిగినా ఇరుసు కింది ఎత్తు మారదు, ఎందుకంటే ఆ ఎత్తును నిర్ణయించేది టైరు సైజు. నివాకూ థార్‌కూ ముందు చక్రాలు వేటికవి విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉంది. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు వీటి ముందు భాగం చక్కగా ఎత్తులో కనిపిస్తుంది కానీ, గుంటలోకి దిగుతూ బ్రేకు వేసినప్పుడు స్ప్రింగు అణిగి అదే భాగం నేలకు దగ్గరవుతుంది. అందుకే కొలిచేటప్పుడు మనుషులు కూర్చుని, ట్యాంకు నిండి, సామాను ఎక్కించి ఉండాలి. ఖాళీ బండి కొలత మీద ఆధారపడి చేసిన పోలిక కొండ దారిలో నిలబడదు.

ఎంత నెమ్మదిగా నడవగలదు

నా దృష్టిలో అసలైన తేడా ఇక్కడే ఉంది, పైగా దీన్ని చాలా తక్కువ మంది లెక్కవేస్తారు. మొదటి గేరు నిష్పత్తిని ట్రాన్స్‌ఫర్ కేసులోని (శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే గేరు పెట్టె) లో రేంజ్ నిష్పత్తితో (బండిని ఇంకా నెమ్మదిగా, బలంగా నడిపే అదనపు గేరు), ఆపై ఇరుసులోని ఫైనల్ డ్రైవ్ నిష్పత్తితో గుణిస్తే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందో వస్తుంది. మాన్యువల్ జిమ్నీలో ఇది 4.425, 2.002, 4.090ల లబ్ధం, అంటే సుమారు 36. నివాలో 3.67, 2.135, 3.9లను గుణిస్తే 30.6 దాకా వస్తుంది. జిమ్నీ టైరు 195/80 ఆర్15, నివా టైరు 175/80 ఆర్16; రెండింటి వ్యాసమూ దాదాపు 69 సెంటీమీటర్లే కనుక ఈ నిష్పత్తులను నేరుగా పోల్చవచ్చు. ఇంజన్ నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతున్నప్పుడు జిమ్నీ గంటకు సుమారు 3.6 కిలోమీటర్ల వేగంతో, నివా సుమారు 4.2 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. రెండూ మనిషి నడక కంటే నెమ్మదే.

ఇప్పుడు అదే జిమ్నీలో లో రేంజ్ లేదనుకోండి. మొదటి గేరులోనే ఉన్నా వేగం గంటకు 7.2 కిలోమీటర్లకు చేరుతుంది, అంటే సరిగ్గా రెట్టింపు. రాళ్ల మధ్య ఆ వేగం చాలా ఎక్కువ కాబట్టి డ్రైవరు క్లచ్‌ను సగం నొక్కి పట్టుకోక తప్పదు. కాసేపటికి క్లచ్ కాలిన వాసన వస్తుంది. 1983లో ఆస్ట్రియా కంపెనీ స్టెయర్ పుక్ తయారుచేసిన డ్రైవ్‌లైన్‌తో (ఇంజన్ శక్తిని చక్రాలకు చేర్చే భాగాలు) వచ్చిన ఫియట్ పాండా ఫోర్ బై ఫోర్‌కు లో రేంజ్ లేదు. 800 కిలోల లోపు బరువు వల్ల మంచులోనూ తడి గడ్డి మీదా అది చూపించిన నేర్పు నిజమే. దానిని రాళ్ల దారిలోకి తీసుకెళ్లి జిమ్నీతో పోల్చడం మాత్రం దానికి అన్యాయం చేయడమే.

ఆటోమేటిక్ బండ్ల విషయంలో మరో మాట. ఆటోమేటిక్ జిమ్నీలో మొదటి గేరు నిష్పత్తి 2.875 మాత్రమే. ఎక్కేటప్పుడు, ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది, క్లచ్ కాలే భయం కూడా ఉండదు. దిగేటప్పుడు మాత్రం ఇంజన్ పట్టు మాన్యువల్‌లో ఉన్నంత బలంగా ఉండదు. హిల్ డిసెంట్ కంట్రోల్ బ్రేకుల సాయంతో ఆ పని చేస్తుంది. పొడవాటి దిగుడులో ఆ బ్రేకులు ఎంత వేడెక్కుతాయన్నది కూడా పోలికలో ఒక అంశమే.

చక్రం గాలిలోకి లేచినప్పుడు

ఇరుసు మీది రెండు చక్రాలూ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు; మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన టార్క్‌నే, అంటే తిప్పే బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం గాలిలో ఉంటే దానిని తిప్పడానికి అవసరమయ్యే టార్క్ దాదాపు సున్నా కనుక నేల మీద ఉన్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. ఎదురెదురు మూలల్లో గుంటలు పడితే ముందు ఇరుసు మీద ఒక చక్రం, వెనుక ఇరుసు మీద రెండో పక్క చక్రం పట్టు కోల్పోయి, ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉన్నా బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. ఈ స్థితిని ఒక్కో బండి ఒక్కో రకంగా ఎదుర్కొంటుంది. జిమ్నీ లో రేంజ్‌లో ఉన్నప్పుడు గాలిలో తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, శక్తిని రెండో చక్రానికి మళ్లిస్తుంది. ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది కానీ ఒక క్షణం ఆలస్యం ఉంటుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ వదిలేస్తే బండి వెనక్కి జారుతుంది. అలవాటు లేని డ్రైవరు సరిగ్గా అప్పుడే కాలు తీసేస్తాడు. థార్ కొన్ని రకాల్లో వెనుక ఇరుసుకు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. రెండు చక్రాల వేగాల్లో తేడా పెరగగానే అది దానంతటదే బిగుసుకుంటుంది. కొనేముందు ఏ రకంలో అది ఉందో కాగితం మీద చూసి నిర్ధారించుకోవాలి. నివాలో లాక్ చేయగలిగేది ముందు వెనుక ఇరుసుల మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్ ఒక్కటే. ఇరుసుల లోపల తాళమేమీ లేదు కనుక ఎదురెదురు గుంటల్లో దానికి చిక్కు తప్పదు.

దానికి మరోచోట లాభం ఉంది. 1977 నుంచి తయారవుతున్న నివాలో నాలుగు చక్రాలకూ శక్తి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, తారు రోడ్డు మీద కూడా. జిమ్నీ, థార్ పార్ట్ టైమ్ రకం, అంటే డ్రైవరు వేసినప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. వాటికి సెంటర్ డిఫరెన్షియల్ లేదు. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే ముందు వెనుక చక్రాలు తిరగవలసిన దూరాలు వేరు కావడంతో డ్రైవ్‌లైన్ మెలిపడి బిగుసుకుంటుంది. సగం తారు, సగం మట్టి ఉండే వాన రోజుల దారిలో నివా డ్రైవరు లివరు ముట్టుకోకుండా వెళతాడు, మిగతావారు మాటిమాటికీ మార్చుకోవలసి వస్తుంది. ఎలక్ట్రానిక్ క్లచ్ ద్వారా వెనుక చక్రాలకు శక్తిని పంపే బండ్లు ఈ బాధ లేకుండా నడుస్తాయి కానీ, లోతైన ఇసుకలో ఎక్కువసేపు శ్రమపడితే ఆ క్లచ్ వేడెక్కి, చల్లబడేదాకా వెనుక చక్రాలను వదిలేస్తుంది.

బరువు, వెడల్పు, టైర్లు

మూడు తలుపుల జిమ్నీ సుమారు 1,100 కిలోలు, థార్ 1,700 కిలోలకు పైన. ఇంజన్ బలం థార్‌దే అయినా, మెత్తటి ఇసుకలోనూ బురదలోనూ తేలికైన బండి పైపైన సాగిపోతుంది. ఇరుక్కున్నా ఇద్దరు ముగ్గురు కలిసి నెట్టగలరు. నీటిలో దిగవలసి వస్తే లెక్క తారుమారవుతుంది. థార్ దిగగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు. తక్కువ బరువున్న బండి ప్రవాహంలో తొందరగా పట్టు కోల్పోతుందని కూడా మరిచిపోకూడదు. ఇరుకైన చెట్ల దారుల్లో 1,645 మిల్లీమీటర్ల వెడల్పున్న జిమ్నీ అద్దాలు మడవకుండా వెళ్లే చోట వెడల్పాటి బండి తలుపుల మీద గీతలు పడతాయి.

టైర్ల విషయంలో ఒకే నియమం: రెండు బండ్లకూ ఒకే రకం టైర్లు లేకపోతే ఆ పోలికను నమ్మవద్దు. ఒకదానికి మట్టి, రాళ్ల దారులకూ పనికొచ్చే ఆల్ టెరైన్, మరొకదానికి హైవే టైర్లు ఉంటే మీరు పోలుస్తున్నది టైర్లనే అవుతుంది.

నేల మీద పరీక్ష

పరీక్షకు పెద్ద కొండలు అక్కర్లేదు. ఎదురెదురు గుంటలు రెండు, కంకర తేలిన ఒక ఎక్కుడు, ఇసుకో బురదో ఉన్న కొంత నేల చాలు. బండ్లన్నిటినీ ఒకే డ్రైవరు నడపాలి. రాళ్ల మీదికి వెళ్లేముందు టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దగ్గరికి, ఇసుకలో 15 దగ్గరికి తగ్గించాలి. ఇంకా తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగంగా నడపకూడదు, రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి.

ప్రతి అడ్డంకినీ ఊపుతో కాకుండా, దాని ముందు పూర్తిగా ఆగి, లో రేంజ్ మొదటి గేరులో మొదలుపెట్టాలి. ఊపుతో వెళితే ఏ బండైనా దాటేస్తుంది, తేడా తెలియదు. గుంటల దగ్గర ఒక మనిషి బయట నిలబడి ఏ చక్రం ఎప్పుడు లేచింది, లేచాక బండి ఎంతసేపు తడబడింది, డ్రైవరు ఎంత యాక్సిలరేటర్ ఇచ్చాడు అన్నవి రాసుకోవాలి. ఎక్కుడు మధ్యలో కావాలనే ఆపి, హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి, తిరిగి కదిలించి చూడాలి. అక్కడి నుంచే రివర్స్ గేరులో, బ్రేకు తొక్కకుండా, ఇంజన్ పట్టుతోనే వెనక్కి దిగి చూడాలి. ఎక్కలేక ఆగిపోయినప్పుడు క్షేమంగా వెనక్కి రాగలగడం ఎక్కగలగడం కంటే ముఖ్యం, రివర్స్ నిష్పత్తి సరిగా లేని బండి ఇక్కడే దొరికిపోతుంది. ప్రతి పరుగు తర్వాత కింద పడుకుని కొత్తగా ఎక్కడ గీత పడిందో చూస్తే, ఇందాక టార్చిలైటుతో గుర్తించిన భాగాల్లో ఏవి నిజంగా తగులుతున్నాయో తెలుస్తుంది.

ఈ పరీక్షలన్నిటికంటే ముందే, లాగడానికి కొక్కేలు ఎక్కడున్నాయో ప్రతి బండికీ చూసి పెట్టుకోవాలి. బంపర్‌లో మర బిగించే చిన్న ఉంగరం చదునైన రోడ్డు మీద మెల్లగా లాగడానికి ఉద్దేశించినది. బురదలో కూరుకుపోయిన బండిని తాడుతో గుంజితే అది విరిగి తూటాలా ఎగిరి వస్తుంది. ఛాసీకి నేరుగా బిగించిన కొక్కేలు ముందూ వెనుకా ఉన్నాయా, పొట్ట దాకా దిగబడినా వాటికి చేయి అందుతుందా అని చూసి, అవి లేని బండికి పరీక్ష మొదలుకాకముందే బిగించుకోవాలి. మార్పులు చేయని బండికి నేను ఒప్పుకునే మార్పు ఇదొక్కటే.