జపాన్ ఇంటి కథల సినిమా ఎలా చూడాలి?

నెలకో ఆదివారం మా ఇంట్లో ఒక జపాన్ సినిమా వేస్తాను. చాలా ఏళ్ళుగా నడుస్తోంది ఈ అలవాటు. కత్తియుద్ధాలవీ దయ్యాలవీ వెయ్యను. అత్తాకోడళ్ళు, వంటిళ్ళు, పెళ్ళి సంబంధాలు, ఆబ్దికాలు ఉండేవే వేస్తాను. జపాన్‌లో వీటిని షోమిన్ గెకి అంటారు, సామాన్యుల కథలని అర్థం. మొదటిసారి వచ్చినవాళ్ళలో సగంమంది వెళ్ళేటప్పుడు ఒకే మాట అంటారు: "బాగానే ఉంది గానీ, ఏమీ జరగలేదు కదండీ." జరిగింది. కళ్ళముందే జరిగింది. వాళ్ళు రెండు గంటలూ తెర అడుగున రెండు లైన్లు చదువుతూ కూర్చోవడంతో అది వాళ్ళకి అందలేదు. అందుకే ఈ పద్ధతి రాసి పెడుతున్నాను.

1. సినిమా

మొదట హిరొకాజు కొరెఎద 2008లో తీసిన స్టిల్ వాకింగ్. తరవాత యసుజిరో ఒజు 1953లో తీసిన టోక్యో స్టోరీ. మూడోది ఒజుదే, 1959 నాటి గుడ్ మార్నింగ్. ఈ వరస మార్చకండి.

చాలామంది షాప్‌లిఫ్టర్స్‌తో మొదలుపెడతారు, 2018లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది కాబట్టి. గొప్ప సినిమానే. కానీ అందులో ఒక పిల్లవాడు తనని పెంచుతున్న మనిషిని నోరారా "నాన్నా" అని పిలుస్తాడా లేదా అన్నదే ప్రాణం. జపాన్ ఇళ్ళలో ఆ పిలుపుకి ఉండే బరువు చెవికి అలవాటు కాకముందే చూస్తే, ఆ ప్రాణం మీ పక్కనుంచే వెళ్ళిపోతుంది. నాలుగోదిగా చూడండి.

2. ఏర్పాట్లు

భోజనం ముందే చేసెయ్యండి. స్టిల్ వాకింగ్‌కి ఖాళీ కడుపుతో అస్సలు కూర్చోవద్దు. అందులో మొక్కజొన్న గింజలు పిండిలో కలిపి నూనెలో వేసే దృశ్యం ఉంది, గింజలు చిటచిట పేలుతుంటే ఆకలి ఆగదు. ఫోను వేరే గదిలో పెట్టండి. ముగ్గురికి మించి వద్దు. ఒరిజినల్ జపనీస్ సౌండ్ పెట్టండి, వేగం పెంచకండి.

నేల మీద చాప వేసుకుని కూర్చోండి. ఒజు కెమెరా చాప మీద కూర్చున్న మనిషి ఎత్తులో ఉంటుంది, చాలాసార్లు ఇంకా కిందే. సోఫాలోంచి చూస్తే ఆ ఇంట్లోకి తొంగిచూసినట్టుంటుంది. కింద కూర్చుంటే ఆ ఇంట్లో మనమూ ఒక మూల కూర్చున్నట్టుంటుంది. టీవీని గోడకి ఎత్తుగా బిగించి ఉంటే లాప్‌టాప్ తెచ్చుకుని పీట మీద పెట్టుకోండి.

3. సబ్‌టైటిల్ (ఇక్కడ నెమ్మదిగా చదవండి)

అందరూ పొరపాటుపడేది ఇక్కడే. మనకి ఎక్కువగా దొరికేవి ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే. కథ అర్థం కావడానికి అవి చాలు. కానీ ఈ సినిమాల్లో కథ కొంచెమే. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు, ఎంత మర్యాదగా మాట్లాడారు, జవాబు ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నవే ఎక్కువ. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అవన్నీ చదునైపోతాయి. తెలుగువాళ్ళం మనకి ఆ భాష రాకపోయినా వాటిలో చాలా భాగం చెవితోనే పట్టుకోగలం. ఎందుకంటే ఆ సామాను మన ఇళ్ళలోనూ ఉంది.

వీడ్కోలు చూడండి. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు "ఇత్తెకిమస్" అంటారు. దాని అర్థం అచ్చంగా "వెళ్ళొస్తాను". ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరాషాయ్" అంటారు, "వెళ్ళిరండి" అని. తిరిగొచ్చినవాళ్ళు గుమ్మంలోనే "తదైమా", వచ్చేశానని. లోపలినుంచి "ఒకాయెరి", వచ్చావా అని. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ వీటికి బై అనో హలో అనో రాసి ఊరుకుంటుంది. వెళ్తున్నాననడం అశుభమని "వస్తాను" అనే మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ తేడా చెప్పక్కర్లేదు. ఎవరైనా "ఒకాయెరి" అనాల్సినచోట అనలేదంటే, ఆ ఇంట్లో ఏదో చెడిందని అర్థం. కింద ఏమీ రాసి ఉండదు. మీ చెవే చెప్పాలి.

ఇక పిలుపులు. తమ్ముడు అన్నని పేరుపెట్టి పిలవడు, "ఒనీసాన్" అంటాడు. మనం అన్నయ్యా అన్నట్టే. సబ్‌టైటిల్‌లో మాత్రం పేరు పడుతుంది. పేరు వెనక వచ్చే "సాన్" మన గారుకి దగ్గర. "సామా" ఇంకా పైమెట్టు. "చాన్" ముద్దుకి, "కున్" సాధారణంగా మగపిల్లలకి.

టోక్యో స్టోరీలో ఇది ఎంత పని చేస్తుందో చూడండి. ఒనొమిచి అనే చిన్న రేవు ఊరినుంచి ముసలి దంపతులు టోక్యోలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురు షిగెకి బ్యూటీ పార్లర్. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నొరికో ఒక చిన్న గదిలో ఒంటరిగా ఉంటుంది. ఆమె అత్తమామల్ని "ఒకాసామా, ఒతోసామా" (అమ్మగారూ, నాన్నగారూ) అని, ప్రతి క్రియా మర్యాదగా చివర సాగదీస్తూ పలకరిస్తుంది. సొంత కూతురు షిగె మాటలు టకటకా తెగిపోతుంటాయి. భర్త పెద్దవాళ్ళ కోసం కాస్త ఖరీదైన మిఠాయి తెస్తే, ఇంత ఖర్చెందుకని అతన్నే కోప్పడుతుంది. ముసలివాళ్ళ మాటలో ఒనొమిచి యాస వినిపిస్తుంది, పిల్లలది టోక్యో మాట. శ్రీకాకుళం నుంచి వచ్చిన తల్లిదండ్రులు హైదరాబాదులో పిల్లల ఫ్లాట్‌లో మాట్లాడుతుంటే మీకు వినిపించే దూరమే అది. ఇంగ్లిష్‌లో ఆ నలుగురూ ఒకే స్కూల్లో చదువుకున్నట్టు ఉంటారు.

చివర్లో నొరికో మామగారితో, మీరనుకున్నంత మంచిదాన్ని కాదు అని చెప్పే చోట "జురుయ్" అన్న మాట వాడుతుంది. సబ్‌టైటిల్‌లో స్వార్థం అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట కనిపిస్తుంది. జురుయ్ అంటే జిత్తులమారితనం. పైకి ఒకటి లోపల ఒకటి పెట్టుకున్నానని ఆవిడ బాధ. చనిపోయిన భర్త ఒక్కోసారి గుర్తుకే రాడని ఒప్పుకుంటోంది. స్వార్థం అని చదివితే ఆవిడ ఎందుకు అంతగా ఏడ్చిందో అంతుపట్టదు. ఈ ఒక్క మాట ముందే తెలుసుకుని కూర్చోండి.

ఊఁ కొట్టడం కూడా వినండి. జపాన్‌లో దాన్ని అయిజుచి అంటారు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "ఎఎ", "సో", "ఉన్" అంటూ ఉంటారు. ఆ ఉన్ దాదాపు మన ఊఁ లాగే వినబడుతుంది. వీటికి సబ్‌టైటిల్ చాలాసార్లు వెయ్యనే వెయ్యరు. మీ అమ్మగారు ఫోనులో "ఊఁ" అన్న తీరుని బట్టే కోపమో, నీరసమో, పక్కన ఎవరైనా ఉన్నారో చెప్పగలరు కదా. అదే చెవి ఇక్కడా పెట్టండి.

ఇవన్నీ వినాలంటే చదవడం తగ్గాలి. అక్షరాల సైజు పెంచకండి, ఒక మెట్టు తగ్గించండి. లైను పడగానే ఒక్క చూపులో చదివి వెంటనే మొహం మీదికి వెళ్ళిపోవాలి. ఒక లైను తప్పిపోతే పోనివ్వండి. మొదటిసారి చూసేటప్పుడు వెనక్కి తిప్పడం నిషిద్ధం. తిప్పడం మొదలుపెడితే ఇక ఆగరు, సినిమా ముక్కలైపోతుంది. ముందుగా సాధన కావాలంటే స్టిల్ వాకింగ్ మొదటి ఐదు నిమిషాలు సబ్‌టైటిల్ ఆపేసి చూడండి. వంటింట్లో తల్లీకూతుళ్ళు ముల్లంగి, క్యారెట్ గీరుతూ కబుర్లు చెప్పుకుంటారు. కత్తి గీరే చప్పుడు, వాళ్ళ గొంతులు మాత్రమే వినండి. ఎవరు ఇంటి యజమానురాలో, ఎవరు చుట్టపుచూపుగా వచ్చారో మీకు తెలిసిపోతుంది. అప్పుడు సబ్‌టైటిల్ పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి.

ఇంగ్లిష్ డబ్బింగ్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అంటారు కొందరు. ఒకసారి ఒక సభలో అలాగే వేశారు. నొరికో, షిగె ఒకే రకం గొంతుతో మాట్లాడారు. సగంలో జనం లేచిపోయారు. తప్పు సినిమా మీదికి వెళ్ళింది. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు.

ఈ పద్ధతి నాకు నేర్పింది మా మేనత్త. నర్సాపురం దగ్గర పల్లె ఆవిడది, చిన్నప్పటినుంచీ లేసు అల్లిన చేతులు. ఇంగ్లిష్ చదవలేదు. స్టిల్ వాకింగ్ వేసిన రోజు నేను పక్కన కూర్చుని, పెద్ద సంభాషణ వచ్చినప్పుడు మాత్రం ఒక్క ముక్క తెలుగులో చెప్పాను. మిగతా సమయమంతా ఆవిడ కళ్ళు మనుషుల మీదే ఉన్నాయి.

ఆ సినిమాలో పెద్దకొడుకు జున్‌పెయ్, సముద్రంలో కొట్టుకుపోతున్న పిల్లవాణ్ణి కాపాడబోయి చనిపోయి ఉంటాడు. బతికిన పిల్లవాడు ఇప్పుడు లావుపాటి కుర్రాడు. ఏటా ఆబ్దికం రోజున వచ్చి, చెమటలు కక్కుతూ, మోకాళ్ళ మీద కూర్చుని, క్షమాపణ చెప్పినట్టు మాట్లాడి వెళ్తాడు. ఆ రాత్రి చిన్నకొడుకు తల్లితో, ఇక అతన్ని పిలవడం మానేద్దాం, పాపం ఇబ్బంది పడుతున్నాడు అంటాడు. తల్లి పాత్ర వేసింది నటి కిరిన్ కికి. క్రోషే సూదితో లేసు అల్లుతూ ఉంటుంది. అందుకే పిలుస్తున్నానంటుంది. పదేళ్ళకే మరిచిపోతే ఎలా, ఏడాదికి ఒక్కరోజైనా అతనూ బాధపడాలి అన్న అర్థంలో, గొంతు పెంచకుండా చెబుతుంది.

గదిలో సబ్‌టైటిల్ చదివినవాళ్ళంతా "అమ్మో, ఎంత మాటంది" అన్నారు. మా అత్తయ్య వేరే మాట అంది. "ఆవిడ చెయ్యి ఆగలేదు చూశావా? కోపంలో అల్లితే దారం బిగుసుకుపోతుందిరా. ఆవిడ దారం ఎక్కడా బిగుసుకోలేదు. ఇవాళ నోరుజారిన మాట కాదది, ఎప్పుడో తేల్చుకున్నది."

నేను ఆ సినిమాని అప్పటికి నాలుగుసార్లు చూశాను. దారం మీద నా కన్ను ఎప్పుడూ పడలేదు. చదువుతూ ఉన్నాను కదా. అప్పటినుంచి నా నియమం ఒకటే: మాట వినండి, చేతులు చూడండి, కింది లైనుకి మిగిలిన సమయమే ఇవ్వండి.

4. మనుషులు లేని షాట్లు

ఒజు సినిమాల్లో ఒక దృశ్యానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీ వసారా, ఆరేసిన బట్టలు, పొగగొట్టాలు, వెళ్తున్న రైలు కనిపిస్తాయి. కొన్ని సెకన్లే. అప్పుడు మాట్లాడకండి, మంచినీళ్ళకి లేవకండి. ఇప్పుడే విన్న మాట లోపలికి దిగే సమయం అది.

5. పిల్లలతో చూస్తే

గుడ్ మార్నింగ్ వెయ్యండి. ఇంట్లో టీవీ కొనలేదని అలిగిన అన్నదమ్ములిద్దర్ని, వాగుడు తగ్గించమని తండ్రి కసురుతాడు. పెద్దవాళ్ళే కదా శుభోదయం, ఇవాళ వాతావరణం బాగుంది అని పనికిమాలిన మాటలు మాట్లాడేది అని వాళ్ళు ఎదురు తిరిగి మౌనవ్రతం పడతారు. పిల్లలు పలకరించకపోయేసరికి, వాళ్ళ తల్లికి తనమీద కోపమని పొరుగావిడ అనుకుంటుంది, వీధంతా అపార్థాలు పుడతాయి. మూడో అంచెలో చెప్పిన చిన్న మాటల విలువ మీ పిల్లలకి మీరు వివరించనక్కర్లేదు, సినిమా చూసుకుంటుంది. చివర రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇద్దరు యువతీయువకులు మనసులో మాట పైకి రాక మబ్బుల గురించి మాట్లాడుకుంటారు. అక్కడ పిల్లల్ని అడగండి, వాళ్ళు నిజంగా ఏం చెప్పుకుంటున్నారని. మా అన్నయ్య కూతురు తొమ్మిదేళ్ళప్పుడే టక్కున చెప్పింది.

6. అయ్యాక

లైటు వెంటనే వెయ్యకండి. ఎలా ఉందని ఎవర్నీ అడగకండి. టీ పెట్టండి, పాలు పొంగేలోపు ఎవరో ఒకరు మొదలుపెడతారు.

వారం ఆగి, టోక్యో స్టోరీ మొదటి దృశ్యం ఒక్కటీ సబ్‌టైటిల్ లేకుండా మళ్ళీ వెయ్యండి. ముసలాయన, ముసలావిడ ప్రయాణానికి సంచీ సర్దుకుంటూ ఉంటారు. గాలి దిండు కనిపించదు. నీ దగ్గరే ఉందంటాడాయన. నా దగ్గర లేదంటుందావిడ. వెతగ్గా వెతగ్గా ఆయన సామానులోనే దొరుకుతుంది. కిటికీలోంచి పొరుగావిడ పలకరించి వెళ్తుంది. వెంటనే చివరి దృశ్యానికి వెళ్ళండి. అదే గది, అదే కిటికీ, అదే పొరుగావిడ పలకరింపు. ఆయన పక్కన సంచీ సర్దే మనిషి ఉండదు. ఈసారి ఆయన గొంతు మాత్రమే వినండి.