పలక వాల్చి ఘర్షణ గుణకం కొలవడం ఎలా?

రెండు వస్తువులు ఒకదాన్నొకటి నొక్కే బలంలో ఘర్షణ బలం ఎన్నో వంతో చెప్పే సంఖ్యే ఘర్షణ గుణకం. దాన్ని కొలవడానికి మీటరు పొడవున్న నున్నటి చెక్కపలక, చిన్న చెక్కదిమ్మ, కొలత టేపు ఉంటే చాలు. దిమ్మను వెడల్పు ముఖం కిందికి వచ్చేలా పడుకోబెట్టాలి. నిలబెడితే జారడానికి ముందే బోర్లాపడే ప్రమాదం ఉంది.

రెండింటినీ పొడిగుడ్డతో తుడవండి. జారే ముఖాన్ని వేళ్లతో తాకొద్దు, చేతి జిడ్డు చాలు లెక్క మారడానికి. పలక ఒక కొనను గోడకు ఆనించి, రెండో కొన వైపు దిమ్మను ఉంచి ఆ కొనను నెమ్మదిగా ఎత్తండి. చెయ్యి వణికితే దిమ్మ ముందే జారిపోతుంది. అందుకే పలక కింద ఒక డబ్బా పెట్టి, దాన్ని కొద్దికొద్దిగా గోడ వైపు జరపడం మేలు.

దిమ్మ కదిలిన క్షణంలో ఆపి, పై కొన నేల నుంచి ఎంత ఎత్తుందో, ఆ కొనకు సూటిగా కింద ఉన్న చోటు నుంచి గోడ వరకు ఎంత దూరముందో కొలవండి. ఎత్తు 37 సెం.మీ., దూరం 93 సెం.మీ. అయితే 37ని 93తో భాగించగా వచ్చే 0.40 స్థైతిక ఘర్షణ గుణకం, అంటే దిమ్మను కదలకుండా పట్టి ఉంచే ఘర్షణకు సంబంధించినది. ఐదుసార్లు చేసి సగటు తీయండి.

జారుడు ఘర్షణ కావాలంటే ఎత్తు కాస్త తగ్గించి, పలకను వేలితో తట్టండి. కదిలిన దిమ్మ ఆగకుండా, వేగం పెరగకుండా జారే వాలు దొరికాక అదే లెక్క వేయండి. గుణకం మొదటిదానికంటే తక్కువ వస్తుంది.

ఇప్పుడు దిమ్మ మీద అంతే బరువున్న ఇంకో దిమ్మ పెట్టి చూడండి. వాలు దాదాపు మారదు! కిందికి లాగే బలం రెట్టింపైంది నిజమే, కానీ పలకను నొక్కే బలమూ, దాంతో ఘర్షణా రెట్టింపయ్యాయి. దిమ్మను పక్కకు తిప్పి సన్న ముఖం మీద ఉంచినా అంతే. పైకి ఎంత నున్నగా కనిపించినా రెండు తలాలు నిజంగా తాకేది సూక్ష్మమైన గరుకు మొనల దగ్గరే. ఆ తాకిడి వైశాల్యాన్ని నిర్ణయించేది నొక్కే బలం, ముఖం సైజు కాదు. రబ్బరు మాత్రం ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు.

పలక మీద క్యారమ్‌బోర్డు పౌడరు చల్లి మళ్లీ కొలవండి, వాలు బాగా పడిపోతుంది. అలాగని నునుపు పెరిగేకొద్దీ ఘర్షణ తగ్గుతూనే పోతుందనుకోవద్దు: శుభ్రంగా కడిగి ఆరబెట్టిన రెండు గాజు పలకలను ఒకదానిపై ఒకటి జరిపి చూడండి, మొరాయిస్తాయి.